పవళింపు సేవ పరమాత్మునికేనా?

ప్రతి రాత్రీ ఆలయ ద్వారాలు మూసే ముందు పవళింపు సేవ జరుగుతుంది. ఊయల మీదనో, పట్టుపరుపు మీదనో స్వామిని శయనింపజేసి, పాలు నివేదించి, జోల పాడి, దీపం తగ్గించి, అర్చకుడు అడుగుల చప్పుడు కాకుండా వెలుపలికి వస్తాడు. తిరుమలలో దీనినే ఏకాంత సేవ అంటారు. ఆషాఢ శుద్ధ ఏకాదశినాడు శ్రీమహావిష్ణువు యోగనిద్రకు ఉపక్రమిస్తాడని మనం తొలి ఏకాదశి చేసుకుంటాం. మా బల్కంపేటలో ఎల్లమ్మ తల్లి భూమట్టానికి పది అడుగుల దిగువన శయనరూపంలోనే వెలసింది. దేవీమాహాత్మ్యమైతే జగన్మాతను స్తుతిస్తూ, సకల ప్రాణులలో నిద్రారూపంలో నెలకొని ఉన్నది ఆ తల్లియే అని చెబుతుంది. అలసట ఎరుగని దైవానికి సైతం ఇంత శ్రద్ధతో నిద్ర ఏర్పాటు చేసే సంప్రదాయం మనది.

అటువంటి మన ఇళ్లలోనే, క్యాన్సర్‌కు శస్త్రచికిత్స జరిగి, కుట్లతో ఇంటికి తిరిగివచ్చిన మనిషి ‘నాకు నిద్ర పట్టడం లేదు’ అంటే మనం ఇచ్చే సమాధానం ఏమిటి? ‘దేవుణ్ణి తలుచుకుని కళ్లు మూసుకో, అదే పడుతుంది’ అంటాం. మంచి మనసుతోనే అంటాం. అయితే ఆ మాటతో సంభాషణ ముగిసిపోతుంది. రోగి మళ్లీ ఆ సంగతి ఎత్తడు. మనం నిద్రపోతాం, అతడు పైకప్పు చూస్తూ తెల్లవార్లూ మేల్కొంటాడు.

పాఠక మహాశయులకు నేను విన్నవించదలచినది ఇది. క్యాన్సర్ శస్త్రచికిత్స నుంచి కోలుకుంటున్న వారి నిద్రలేమి భక్తిలోపం కాదు. పూర్వకర్మ అని మనం తీర్పు చెప్పవలసిన విషయమూ కాదు. అది ఆ వ్యాధితో, ఆ చికిత్సతో వచ్చిన బాధ. దానికి ఉపాయమున్నది. రోగి రాత్రిని కాపాడటం గృహస్థు ధర్మాలలో ఒకటి. ఇది నా సొంత కల్పన కాదు, మన శాస్త్రమే చెప్పిన మాట.

రాత్రికి జడిసేవారు

బల్కంపేటకు పంజాగుట్టలోని నిమ్స్ ఆసుపత్రి ఎంతో దూరం లేదు. బంజారాహిల్స్‌లో 2000 సంవత్సరంలో ప్రారంభమైన బసవతారకం ఇండో అమెరికన్ క్యాన్సర్ ఆసుపత్రి, రెడ్‌హిల్స్‌లో 1955 నుంచి సేవలందిస్తున్న మెహదీ నవాజ్ జంగ్ క్యాన్సర్ ఆసుపత్రి కూడా ఇక్కడి నుంచి ఆటోలో చేరుకోగలిగినవే. అందువల్ల జిల్లాల నుంచి చికిత్సకు వచ్చిన కుటుంబాలు ఈ చుట్టుపక్కల గల్లీలలో ఒక గది అద్దెకు తీసుకుని వారాలూ నెలలూ గడపటం మాకు అలవాటైన దృశ్యం. వారిలో అనేకులు మంగళవారమో ఆదివారమో గుడికి వస్తారు. గోత్రనామాలు చెప్పి, అర్చన పూర్తయ్యాక, తీర్థానికి చేయి చాస్తూ గొంతు తగ్గించి చెబుతారు: ‘రాత్రయితే గుబులైతున్నది, అయ్యగారూ.’

గమనించండి. వీరు కత్తికి జడవలేదు. నెలల తరబడి మందులు ఎక్కించుకోవడానికి జడవలేదు. ఇల్లంతా సద్దుమణిగిన తరువాత వచ్చే ఆ నిశ్శబ్దానికి జడుస్తున్నారు.

వైద్యశాస్త్రం దీనిని లెక్కగట్టి చూసింది. కెనడాలోని క్యూబెక్‌లో జోజే సవార్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆమె సహచరులు క్యాన్సర్ శస్త్రచికిత్సకు సిద్ధమైన 962 మందిని 18 నెలల పాటు గమనించి, 2011లో ఫలితాలు వెల్లడించారు. మొదట్లో నూటికి 59 మందిలో నిద్రలేమి లక్షణాలు కనిపించాయి. 18 నెలలు గడిచాక కూడా నూటికి 36 మందిని అవి విడిచిపెట్టలేదు. అంటే గాయం మానినా, బంధువులు రాకపోకలు తగ్గించినా, ‘ఇక అంతా బాగైపోయింది’ అని అందరూ నిశ్చింతగా ఉన్నా, ముగ్గురిలో ఒకరికి పైగా రాత్రులు ఇంకా బాగుపడలేదన్నమాట.

కారణాలు శరీరంలోనే ఎన్నో ఉన్నాయి. రొమ్ము శస్త్రచికిత్స జరిగిన తల్లి తనకు అలవాటైన పక్కకు ఒత్తిగిలలేదు. చంక దగ్గర అమర్చిన గొట్టం, చేతి బరువు ఆమెను కదలనివ్వవు. పెద్దపేగు శస్త్రచికిత్స తరువాత పొట్టకు సంచి తగిలించుకున్న వ్యక్తికి, నిద్రలో అది ఊడి పక్క తడుస్తుందేమోనన్న బెరుకు. నోటి క్యాన్సర్‌కు దవడ భాగం తీసినవారికి ఉమ్మి మింగడమే కష్టం. కీమోథెరపీతో పాటు ఇచ్చే డెక్సామెథసోన్ వంటి స్టెరాయిడ్ మందులు నిద్రను చెదరగొడతాయి. రొమ్ము క్యాన్సర్‌కు ఏళ్ల తరబడి వాడే హార్మోన్ మాత్రల వల్ల కొందరు స్త్రీలకు నడిరేయి ఒంట్లో ఆవిర్లు లేచి, చెమటతో మెలకువ వస్తుంది. పగలు నీరసంతో తీసే కునుకులు రాత్రి నిద్రను మరింత దూరం చేస్తాయి.

వీటిపై మనసు బాధ. మళ్లీ పరీక్ష ఎప్పుడు, అందులో ఏం తేలుతుంది? చేసిన అప్పు ఎలా తీరుతుంది? ఆడపిల్ల పెళ్లి సంబంధానికి ఈ జబ్బు అడ్డవుతుందా? అద్దంలో కనిపించే ఈ దేహం నాదేనా? ఇంటివారికి బరువైపోయానా? పగలు పదిమంది మధ్య మరుగున పడిన ఈ ప్రశ్నలన్నీ దీపం ఆర్పగానే లేచి కూర్చుంటాయి. న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెట్టరింగ్ క్యాన్సర్ ఆసుపత్రిలో 1977లోనే డాక్టర్ జిమ్మీ హాలండ్ రోగుల మనోవేదన కోసం ప్రత్యేక విభాగం నెలకొల్పారు. నాడి, జ్వరం, రక్తపోటు, శ్వాస, నొప్పి ఈ ఐదింటిని చూసినట్టే మనోవేదనను ఆరవదిగా చూడాలని క్యాన్సర్ వైద్యులు నేడు అంగీకరిస్తున్నారు.

మనం అనకూడని మూడు మాటలు

మొదటిది, ‘మనసు దేవుని మీద లేదు, అందుకే నిద్ర రావడం లేదు’ అనే మాట. దీనికి తోకగా మరొకటి వస్తుంది: ‘ఎలాగూ మూడు గంటలకే మెలకువ వస్తున్నది గదా, బ్రాహ్మీ ముహూర్తంలో లేచి జపం చేసుకో.’ వాగ్భటాచార్యుడు అష్టాంగహృదయంలో దినచర్య చెబుతూ బ్రాహ్మీ ముహూర్తంలో లేవాలన్నది నిజమే. కానీ ఎవరు లేవాలన్నాడు? స్వస్థుడు, అంటే ఆరోగ్యవంతుడు. ఆ ఒక్క పదాన్ని మనం వదిలేసి చదువుతున్నాం. ముందురాత్రి చక్కగా నిద్రించి వేకువన లేచినవాడికి అది పుణ్యకాలం. కంటి మీద కునుకు లేక వేకువను చేరుకున్న రోగికి అది అలసట. భగవద్గీత ఆరవ అధ్యాయంలో శ్రీకృష్ణుడు కూడా అతిగా నిద్రించేవానికే కాదు, బొత్తిగా మేల్కొని ఉండేవానికీ యోగం సిద్ధించదని స్పష్టం చేశాడు. చరకుడు ఆహారం, నిద్ర, బ్రహ్మచర్యం ఈ మూడింటినీ దేహమనే ఇంటికి ఊతకోలలుగా చెప్పాడు. ఊతకోల కదిలినప్పుడు ఇంటివానికి భక్తి చాలదని ఎవరైనా అంటారా?

రెండవది, ‘ఏ జన్మలో ఏం చేసుకున్నారో’ అనే మాట. రోగి ఎదుట అనకపోవచ్చు, పక్కగదిలో అంటాం, అది వినబడుతుంది. కర్మ సిద్ధాంతం మనిషి తన నడతను తాను సరిదిద్దుకోవడానికి పెట్టుకున్న అద్దం. ఎదుటివాని ముఖానికి పట్టడానికి కాదు. మహాభారతం ఉద్యోగపర్వంలో ప్రజాగర పర్వమని ఒక భాగమున్నది. ప్రజాగరమంటే మేల్కొని ఉండటం. సంజయుడు పాండవుల వద్ద నుంచి తిరిగివచ్చిన రాత్రి ధృతరాష్ట్రునికి నిద్ర పట్టదు, ఒళ్లు మండిపోతున్నట్టు ఉంటుంది. విదురునికి కబురు పెడతాడు. ధృతరాష్ట్రుని జాగరణకు అతని అధర్మమే కారణమని విదురునికి తెలియదా? తెలుసు. అయినా ‘అనుభవించు’ అని వెనుదిరిగి పోలేదు. పక్కన కూర్చున్నాడు, ఏమి బాధ అని అడిగాడు, ఆ రాత్రంతా మాట్లాడాడు. మనం నేడు విదురనీతి అని చదువుకునేది ఒక నిద్ర పట్టని మనిషి పక్కన గడిపిన రాత్రి నుంచి పుట్టినదే. తప్పు చేసినవాని పక్కనే విదురుడు అలా కూర్చున్నప్పుడు, ఏ తప్పూ ఎరుగని రోగి పక్కన మనం ఎలా కూర్చోవాలి?

మూడవది, ‘గడ్డ తీసేశారు, గండం గడిచింది, ఇంకా దిగులెందుకు’ అనే మాట. ఇది ధైర్యం చెప్పినట్టే ఉంటుంది. కానీ రోగికి వినిపించేది వేరు: ‘నీ దిగులు మాకు విసుగు పుట్టిస్తున్నది’ అని. ఆ తరువాత ఆ మనిషి ఇంట్లో నవ్వుతూనే ఉంటాడు, రాత్రి మాత్రం ఒంటరిగా కుమిలిపోతాడు.

సుశ్రుతుడు చెప్పిన రోగి గది

శస్త్రచికిత్సకు ఆద్యుడిగా మనం కీర్తించే సుశ్రుతుని సంహితలో, సూత్రస్థానం పందొమ్మిదవ అధ్యాయానికి వ్రణితోపాసనీయమని పేరు. వ్రణితుడంటే గాయమున్నవాడు. అతనిని ఎలా చూసుకోవాలో చెప్పే అధ్యాయమది. ఉపాసన అనే మాటను దేవుని విషయంలో వాడటమే మనకు తెలుసు. ఆచార్యుడు దానిని రోగి విషయంలో వాడాడు. ఆ ఒక్క పేరులోనే ఎంతో ధర్మమున్నది.

అందులో ఏమి చెప్పారు? రోగికి ముందుగా మంచి గది చూడాలి. అది శుభ్రంగా ఉండాలి, ఎండా ఈదురుగాలీ కొట్టకూడదు. పక్క ఇరుకుగా ఉండరాదు, మెత్తగా పరచి ఉండాలి, తల తూర్పుకు పెట్టి పడుకోబెట్టాలి. లేచేటప్పుడు, పక్కకు ఒత్తిగిలేటప్పుడు గాయాన్ని కాచుకోవాలి. పగలు నిద్రపోరాదు. ఇష్టమైన మాటలు మాట్లాడే మిత్రులు చుట్టూ చేరి, ఆ కబుర్లతో అతని నొప్పిని మరపింపజేయాలి. ఆవాలు, వేపాకు, నెయ్యి, ఉప్పు కలిపి ధూపం వేయాలి. సంధ్యావేళలలో ఉపాధ్యాయులూ వైద్యులూ వేదమంత్రాలతో రక్ష చేయాలి.

పాఠకులు ఈ పట్టికను ఒకసారి నిదానంగా పరిశీలించాలి. మంత్రం అందులో ఉన్నది, అయితే మందు స్థానంలో లేదు. వైద్యుడు మంత్రాన్ని పరిహసించలేదు, పురోహితుడు వైద్యుణ్ణి పక్కకు నెట్టలేదు. ఇద్దరితో పాటు మిత్రుడికీ ఒక పని అప్పగించారు: ఇష్టమైన మాట మాట్లాడటం. చుట్టం చూపుగా వచ్చి, ‘మా పెద్దమామకూ ఇదే జబ్బు, ఆరు నెలలకే పోయాడు’ అని చెప్పి, కాఫీ తాగి వెళ్లే వ్యక్తిని సుశ్రుతుడు మిత్రుల జాబితాలో చేర్చలేదు. అటువంటి మాట విన్న రాత్రి ఏ రోగికి నిద్ర పడుతుంది?

ఇంటిలో చేయవలసినవి

నేటి వైద్యులు చెప్పేదీ దీనికి దూరంగా లేదు. దీర్ఘకాలపు నిద్రలేమికి మొట్టమొదట ఇవ్వవలసింది మాత్ర కాదు, నిద్ర అలవాట్లనూ ఆలోచనలనూ సరిదిద్దే శిక్షణ అని అమెరికా వైద్యుల సంఘం 2016లో మార్గదర్శకం ఇచ్చింది. దాని సారం మన ఇళ్లకు తగినట్టు చెబుతాను.

రాత్రి ఎప్పుడు నిద్ర పట్టినా ఉదయం లేచే వేళ ఒక్కటిగా ఉండాలి. లేచిన తరువాత కొంతసేపు వెలుతురులో, అరుగు మీదనో మేడ మీదనో కూర్చోవాలి. వైద్యుడు అనుమతించినంత మేర నాలుగడుగులు నడవాలి. పగటి కునుకు తప్పనిసరైతే మధ్యాహ్నం మూడు గంటలకు ముందే, అరగంటకు మించకుండా ముగించాలి. పక్క నిద్రకే పరిమితం కావాలి. భోజనం, టీవీ, సెల్‌ఫోన్, లెక్కల కాగితాలు పక్క మీదికి చేరరాదు. పడుకుని చాలాసేపు నిద్ర రాకపోతే, దొర్లుతూ బాధపడకుండా, లేవగలిగినవారు లేచి కుర్చీలో కూర్చుని, కళ్లు బరువెక్కాక మళ్లీ పక్క చేరాలి. గడియారం కంటికి ఎదురుగా ఉండకూడదు. ‘ఇంకా మూడు గంటలే ఉన్నది’ అనే లెక్కే నిద్రకు మొదటి శత్రువు.

నొప్పి మందు వేళ తప్పించరాదు. నొప్పిని ఓర్చుకోవడం తపస్సు కాదు. స్టెరాయిడ్ మాత్రలు రాసి ఉంటే, వాటిని ఉదయం పూటకు మార్చవచ్చునా అని వైద్యుణ్ణి అడగాలి. సంచి, గొట్టం వంటివి పడుకునే ముందే సరిచూసి, పక్క మీద ఒక రబ్బరు గుడ్డ పరచి, ‘తడిసినా ఫరవాలేదు, మార్చేద్దాం’ అని ముందే చెప్పండి. ఆ ఒక్క మాటతో సగం భయం పోతుంది.

సాయంకాలం ఒక పావుగంట దిగుళ్ల కోసం కేటాయించండి. అప్పు, పరీక్ష, పిల్లల చదువు, ఏదైనా సరే, దీపం పెట్టిన తరువాత, భోజనానికి ముందు కూర్చుని మాట్లాడుకోండి. కావాలంటే కాగితం మీద రాయండి. పగలు ఎవరూ విననందువల్లనే ఆ దిగుళ్లు రాత్రి వేళ తలుపు తడుతున్నాయి.

యోగాభ్యాసం విషయంలో కూడా ఆధారమున్నది. అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, చికిత్స పూర్తయి నిద్ర పట్టక బాధపడుతున్న 410 మందితో చేసిన అధ్యయనాన్ని 2013లో ప్రకటించారు. వారానికి రెండుసార్లు, నాలుగు వారాల పాటు తేలికపాటి ఆసనాలు, శ్వాసాభ్యాసం, ధ్యానం చేసినవారికి నిద్ర మెరుగుపడింది. తేలికపాటి అన్న మాటను మరువవద్దు. కుట్లు మానని మనిషితో కఠినమైన ఆసనాలు వేయించరాదు. వైద్యుని అనుమతి పొంది, నేర్చినవారి సమక్షంలో చేయాలి.

నామస్మరణ తప్పక చేయండి. అయితే దానికి లెక్క పెట్టవద్దు. నూట ఎనిమిది పూర్తి కాలేదన్న ఆందోళనతో చేసే జపం నిద్రను తరిమేస్తుంది. ఇష్టదైవం నామాన్ని ఊపిరితో పాటు మెల్లగా అనుకుంటూ పోండి. మధ్యలో నిద్ర పడితే జపభంగమేమీ లేదు. నిద్రారూపిణి అయిన తల్లియే వచ్చి ఒడిలోకి తీసుకున్నదని అనుకోండి.

మరొక్క సంగతి. రోగి పక్కన మేల్కొని ఉండే భార్యో, భర్తో, కూతురో కూడా మనిషే. ఒక్కరి మీదే ఆ భారం వేసి మిగిలినవారు హాయిగా పడుకోవడం ధర్మం కాదు. వంతులు వేసుకోండి. వారంలో రెండు రాత్రులైనా వారిని వేరే గదిలో నిద్రపోనివ్వండి.

నియమాల గురించి, గుడి గురించి

శివరాత్రి జాగరణ, ఏకాదశి ఉపవాసం, కార్తికంలో వేకువ చన్నీటి స్నానం ఇవన్నీ శక్తి ఉన్నవారికి. బాలురకు, వృద్ధులకు, రోగులకు ధర్మశాస్త్రం సడలింపు ఇచ్చింది. రోగికి నీటితో స్నానమే అక్కరలేకుండా మంత్రస్నానాన్నీ, మానసస్నానాన్నీ కూడా చెప్పింది. అందువల్ల శస్త్రచికిత్స జరిగిన ఏడాది జాగరణ మానినందుకు శివుడు అలుగుతాడన్న భయం ఎవరికీ వద్దు. ఆ రాత్రి ప్రశాంతంగా నిద్రించడమే వారు చేసే శివపూజ అని నేను ధైర్యంగా చెబుతాను. అంగప్రదక్షిణం, కాలినడక వంటి మొక్కులు ఉంటే వైద్యుడు సరేనన్న తరువాతే తీర్చండి. అమ్మవారి తీర్థజలాన్ని శిరస్సున చల్లుకోండి, మానని గాయానికి తగలనివ్వవద్దు. కీమోథెరపీ నడుస్తున్నవారు కాచి చల్లార్చని నీరేదైనా తాగే ముందు వైద్యుణ్ణి అడగాలి. భక్తికి దీనివల్ల ఏ లోటూ రాదు.

ఇక మా ఆలయాల వారికీ, ఉత్సవ కమిటీలకూ ఒక మనవి. దేశంలో 2000 సంవత్సరం నుంచి అమలులో ఉన్న శబ్దకాలుష్య నియమాల ప్రకారం రాత్రి పది గంటల నుంచి ఉదయం ఆరు గంటల వరకు బహిరంగంగా మైకులు మోగించరాదు. పండుగలకు ప్రభుత్వం అనుమతిస్తే ఏడాదిలో పదిహేను రోజులకు మించకుండా అర్ధరాత్రి వరకు మినహాయింపు ఉన్నది. ఆసుపత్రి చుట్టూ వంద మీటర్లు నిశ్శబ్ద మండలం. ఆషాఢంలో మా పేటలో అమ్మవారి కల్యాణం, నగరమంతటా బోనాలు వైభవంగా జరుగుతాయి, జరగాలి. కానీ ఆలయం పక్క గల్లీలో, రేకుల గదిలో, రేపటి పరీక్షకు భయపడుతూ పడుకున్న తల్లి ఎవరో మనకు తెలియదు. ఆమెకు నిద్ర పట్టనివ్వని పాట ఎంత మధురమైనదైనా అమ్మవారి సేవలోకి రాదు. స్వామిని పడుకోబెట్టి అడుగుల చప్పుడు కూడా చేయని మనం, గుడి వెలుపల రాత్రి పన్నెండింటికి పెట్టెలు మోగించడాన్ని ఎలా సమర్థించుకుంటాం?

సాటి అర్చకులకు కూడా ఒక మాట. నిద్ర పట్టడం లేదని ఎవరైనా మన ముందు కన్నీరు పెట్టుకుంటే, వెంటనే రక్షరేకు చేతికిచ్చి పంపేయకండి. కట్టండి, తప్పు లేదు. కట్టేటప్పుడే ‘ఈ సంగతి మీ డాక్టరుగారికి చెప్పారా?’ అని అడగండి. మనం అడిగితే వారు చెబుతారు. ‘ఇంత చిన్న విషయం పెద్ద డాక్టరుకు ఎలా చెప్పడం’ అన్న సంకోచం మన మాటతో తీరుతుంది. వైద్యునికి చెప్పడం దైవాన్ని నమ్మకపోవడం కాదని మన నోటి నుంచి వినడానికే చాలామంది ఎదురుచూస్తున్నారు.

వైద్యుణ్ణి ఎప్పుడు అడగాలి

వారానికి మూడు రాత్రులు, అలా కొన్ని వారాల పాటు నిద్ర సరిగా లేకపోతే, తరువాతి పరీక్ష దాకా ఆగక శస్త్రచికిత్స చేసిన వైద్యునికి చెప్పండి. ఆయన అవసరమైతే మనోవైద్యుని దగ్గరకు పంపుతారు. మనోవైద్యుడంటే పిచ్చివారి వైద్యుడన్న అపోహ విడిచిపెట్టవలసిన కాలమిది. దుకాణంలో అడిగి నిద్రమాత్రలు కొని వేసుకోవద్దు. మార్ఫిన్ వంటి నొప్పి మందులు వాడేవారికి వాటితో నిద్రమాత్రలు కలిస్తే ఊపిరి మందగించి ప్రాణాపాయం కలగవచ్చు. ‘మా ఊరి ఆకుమందు’ కూడా వైద్యునికి చెప్పకుండా వాడవద్దు. కొన్ని మూలికలు చికిత్సకు అడ్డుపడతాయి.

రాత్రివేళ జ్వరం వచ్చినా, ఆయాసం వచ్చినా, గాయం నుంచి చీము లేదా రక్తం కారినా తెల్లవారేదాకా చూడకుండా ఆసుపత్రికి తీసుకుపోండి. రెండు వారాలకు పైగా దేనిమీదా ఆసక్తి లేకుండా, తిండి తగ్గి, మాట తగ్గి ఉంటే అది దిగులు జబ్బు కావచ్చు, దానికి చికిత్స ఉన్నది. ‘నేను లేకపోతేనే మీకు సుఖం’ అనే మాట ఒక్కసారి వినిపించినా తేలికగా తీసుకోవద్దు. ఆ మనిషిని ఒంటరిగా వదలవద్దు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 నంబరుకు ఫోన్ చేస్తే రాత్రీ పగలూ ఉచితంగా, తెలుగులో మాట్లాడేవారు ఉంటారు. ఈ నంబరును పంచాంగం పక్కన గోడ మీద రాసిపెట్టండి.

భక్తులారా, మన ఇళ్లలో ‘భోంచేశావా’ అని అడగని రోజు ఉండదు. మీ ఇంట్లో శస్త్రచికిత్స జరిగి కోలుకుంటున్నవారు ఉంటే, రేపు ఉదయం కాఫీ అందిస్తూ మరొక ప్రశ్న కూడా అడగండి: ‘రాత్రి నిద్ర పట్టిందా?’ పట్టిందని వారు వెంటనే అన్నా లేచిపోకండి. రెండు నిమిషాలు అక్కడే కూర్చోండి. అసలు జవాబు ఆ తరువాతే వస్తుంది. ఆ జవాబు వినే ఓర్పును మనకూ, కంటినిండా నిద్రను వారికీ జగన్మాత ప్రసాదించుగాక.